ఉడుముకు పట్టిన చిలుం

కొత్తపేట,
6 అక్టోబరు 2024.

చిరంజీవి నాగరాజుకు,

నువ్వు పంపిన పెట్టె నూకరాజు నిన్న తెచ్చి ఇచ్చాడు. దోహా నుంచి రాజోలు దాకా ఒళ్ళో పెట్టుకునే వచ్చానన్నాడు. ఖర్జూరాలు అత్తయ్యగారికి ఇచ్చాను. తినలేదు. డబ్బాలో పోసి ఉంచారు.

ఫోనులో నువ్వు రెండుసార్లు ఒకే మాట అడిగావు. రెండుసార్లూ నేను మాట మార్చాను. అసలు ఫోనులో మనం మాట్లాడుకునేది ఏముంది? నువ్వు ఆయ్ అంటావు, నేను ఆయ్ అంటాను. ఆ తరవాత లైను ఉందో పోయిందో ఇద్దరికీ తెలియదు. కాగితం మీదైతే కొంచెం నయమనిపించింది. నూకరాజు పదిహేను రోజుల్లో మళ్ళీ దోహా వస్తాడట. ఇది అతని చేతికే ఇస్తాను.

నువ్వు అడిగింది ఉడుము సంగతి. మీ శుక్రవారం ఆటల కోసం, రంగు వేసి పంపమని జనవరిలో మీ అక్కకు పంపిన లోహపు బొమ్మ. గుప్పెట్లో పట్టేంత. పొలుసుల ఒళ్ళు, పొట్టేలు కొమ్ములు. మీ ఆటలో దానికేదో పేరుందని మీ అక్క చెప్పింది. నాకు నోరు తిరగలేదు. అత్తయ్యగారు చూసి ఉడుము అన్నారు. ఇంట్లో అదే పేరు నిలిచింది.

అది ఉంది. పోలేదు. కొంచెం పని మిగిలింది.

ఆ మిగిలింది నేను చేసి పంపుతాను. మీ అక్క సీసాలు, బ్రష్షులు ఆవిడ పెట్టిన చోటే ఉన్నాయి. ఏది ముందో ఏది వెనకో నాకు తెలియదు. మొదటి నుంచి రాయి. క్లాసులో ఏమీ రాని పిల్లవాడికి చెప్పినట్టు రాయి.

కాలేజీకి వెళ్తున్నాను. మీ అక్క పోయి నేటికి నలభై ఆరు రోజులు. ఆ సెలవుల్లో రెండో సంవత్సరం వాళ్ళకు పాఠాలు వెనకబడ్డాయి. అత్తయ్యగారు మధ్యాహ్నం కాసేపు పడుకుంటున్నారు. బుల్లెమ్మ వచ్చి వంట చేసి పోతోంది. కూరలో ఉప్పు తక్కువ వేస్తోంది. చెప్పలేదు.

ఆరోగ్యం చూసుకో.

మీ బావ,
రాజేంద్రప్రసాద్


దోహా,
8 నవంబరు 2024.

బావగారికి నమస్కారం.

నూకరాజు కవరు ఇచ్చినప్పుడు ముందు భయం వేసింది. మా గదిలో ఉండే కేరళ అబ్బాయి చూసి, "ఈ రోజుల్లో ఉత్తరమా, ఊళ్ళో నీ మీద ఎవరన్నా కేసు పెట్టేరా" అన్నాడు. మా బావగారు కెమిస్ట్రీ మాస్టారు, పెళ్ళిలో బంతి పూలకి కూడా రశీదు అడిగిన మనిషి అని చెప్పేను. నవ్వేడు. మీ ఉత్తరం వాడికి చదివి వినిపించలేదు లెండి.

కొంచెం మిగిలింది అన్నారు. మళ్ళీ మొదటి నుంచి రాయమన్నారు. కొంచెం మిగిలిన దానికి మొదటి నుంచి ఎందుకో నాకు అర్థం కాలేదు. అయినా మాస్టారు అడిగితే ఎదురు ప్రశ్న వెయ్యకూడదు.

ముందు నల్లరంగు. పలచగా వెయ్యాలి. చిక్కగా వేస్తే పొలుసుల సందులు మూసుకుపోతాయి. ఒక పూట ఆరనివ్వండి. తరవాత కంచు రంగు సీసా. దాన్ని బాగా ఊపాలి, లోహపు పొడి అడుక్కి దిగిపోయి ఉంటుంది. అది పట్టించాక ముదురు గోధుమ రంగు నీళ్ళలాంటిది ఒకటి ఉంటుంది చూడండి, ఇంగ్లీషు పేరు కనపడకుండా అక్క దాని మీద "కషాయం" అని చీటీ అంటించింది. అది ఒళ్ళంతా పోస్తే సందుల్లోకి దిగి ఆగుతుంది, పొలుసులు దేనికది విడిగా కనపడతాయి. అది ఆరాక బంగారు రంగు. బ్రష్షు ముంచి, గుడ్డకి తుడిచేసి, ఇంక రంగు లేదు అనుకున్నాక అప్పుడు పైపైన తగిలించాలి. పెనానికి ఉల్లిపాయ ముక్కతో నూనె రాసినట్టు. అంచులకి మాత్రమే అంటుకుని మెరుస్తుంది. చిలుం సంగతి ఆఖర్న. ఇవి అయ్యాక అడగండి, చెప్తాను.

మా ఆట ఏంటని మీరెప్పుడూ అడగలేదు. ఇప్పుడు నేనే చెప్తాను. నేను స్టోరుకీపరుగా చేసే ఆటబొమ్మల షాపులో వెనక ఒక బల్ల ఉంది. శుక్రవారం ఆరుగురం కూర్చుంటాం. ముగ్గురు ఫిలిప్పీన్సు వాళ్ళు, ఒక లంక అబ్బాయి, కేరళ అబ్బాయి, నేను. పాచికలు వేసి బొమ్మలతో యుద్ధం చేస్తాం. బల్ల మీద ఎవరి బొమ్మ బాగుంటే ఆ రోజు వాళ్ళదే టీ ఖర్చు. ఇదివరకు అక్క రంగులు వేసి పంపిన సిపాయిల వల్ల నాకు చాలాసార్లు ఖర్చయింది.

షాపులో ఒక అద్దాల బీరువా ఉంది. బాగా చేసిన బొమ్మలు అందులో పెడతారు, కింద చీటీ మీద చేసినవాళ్ళ పేరు రాస్తారు. ఏప్రిల్లో కొత్తవి పెడతారు. ఉడుముకి చోటు అడిగేను, ఇస్తామన్నారు. చీటీ కూడా రాసేసేను: "వీరవేణి, కొత్తపేట, కోనసీమ."

నాకు సెలవు ఇచ్చి ఉంటే అక్క మొహం చూసేవాణ్ణి. అది ఎలాగూ లేదు. ఆవిడ చేత్తో చేసిందన్నా చూస్తాను. అందుకే అన్నిసార్లు అడిగేను. విసుక్కోకండి.

అమ్మని ఖర్జూరాలు తినమని చెప్పండి. దాచుకుంటే పురుగు పడతాయి.

మీ
శివనాగరాజు


కొత్తపేట,
15 డిసెంబరు 2024.

చిరంజీవి నాగరాజుకు,

ఉత్తరం అందింది. బాగా రాశావు. పాఠం చెప్పడం వచ్చు నీకు.

ఉడుము మీద వెంటనే చేయి వేయలేదు. నువ్వు మునుపు పంపిన వాటిలో రంగు వేయని సిపాయి ఒకటి మీ అక్క సొరుగులో దొరికింది. దాని మీద నేర్చుకుంటున్నాను. మొదటిసారి నల్లరంగు చిక్కబడి వాడి మొహం పోయింది. కడిగి మళ్ళీ వేశాను. రెండోసారి ముక్కు కనబడింది. కషాయం ఎక్కువైంది. వాడు కాలువలో పడి లేచినట్టు ఉన్నాడు.

ఆదివారాలు వరండాలో కూర్చుంటున్నాను. అత్తయ్యగారు కుర్చీ తెచ్చుకుని పక్కన కూర్చుంటారు. పోయిన వారం సిపాయిని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పారు.

"మా నాగరాజు ఎనిమిదో క్లాసులో ఏనుక్కి ఇలాగే రంగేసేడు బాబూ. చూసినోళ్ళందరూ పంది అన్నారు."

"ఇది మనిషిలా ఉందా అండి?" అన్నాను.

"ఉన్నాడు. తాగేసున్నాడు," అన్నారు.

మీ అక్క పోయాక ఆవిడ హాస్యానికి మాట్లాడటం ఇదే మొదలు. నీకు తెలియాలని రాశాను.

బంగారు రంగు అంచులకు పట్టడం కొద్దిగా వచ్చింది. చేయి వణకదు. టైట్రేషన్ చేసిన చేయి. చుక్క దగ్గర ఆపడం తెలుసు. రంగు ఎక్కడ వేయాలో మాత్రం తెలియడం లేదు.

ఇక చిలుం సంగతి రాయి. కుందులు, చెంబులు, పెద్ద బిందె మూడు నెలలుగా తోమడం లేదు. అన్నీ పచ్చబడుతున్నాయి. మొన్న బుల్లెమ్మ చింతపండు పట్టుకుని వచ్చింది. "అయ్యగారూ, అమ్మగారుంటే ఊరుకునేవారా అండి" అంది. వద్దన్నాను. అత్తయ్యగారికి నచ్చలేదు. దీపం పెట్టే ఇల్లు పాడుపడినట్టు ఉంచకూడదన్నారు. నమూనా కోసమని చెప్పాను. ఆవిడ ఏమనుకున్నారో తెలియదు. ఊరుకున్నారు.

ముప్పై ఏళ్ళుగా బోర్డు మీద రాగి కార్బనేటు అని రాస్తున్నాను. కూర్చుని దాన్ని చూడటం ఇప్పుడే.

మీ అక్క నోటుపుస్తకంలో ఏమైనా రాసిందేమో చూశాను. బట్టల మీద వేసిన పువ్వుల నమూనాలు, పాలవాడు రాని తారీఖులు ఉన్నాయి. ఉడుము గురించి లేదు.

మీ బావ,
రాజేంద్రప్రసాద్


దోహా,
17 జనవరి 2025.

బావగారికి నమస్కారం.

సిపాయి సంగతి శుక్రవారం బల్ల దగ్గర చెప్పేను. వాడిని కూడా పంపమంటున్నారు. తాగిన సిపాయి మా సైన్యంలో లేడట.

చిలుం సంగతి. "చిలుం" అని చీటీ ఉన్న పాత దగ్గుమందు సీసా వెతకండి. షాపులో దొరికే పచ్చ నచ్చక బట్టల రంగుల్లోంచి అక్క తనే కలిపింది. నీలం ఇంత, ఆకుపచ్చ ఇంత, తెలుపు ఇంత అని నాకు చెప్పలేదు. అడిగితే "రసంలో ఉప్పు ఎంతని చెప్పను రా" అనేది. నీళ్ళు కలిపి పాలకంటే పలచగా చేసుకోండి. బ్రష్షు కొసతో సందులో ఒక చుక్క వదిలితే అదే పాకుతుంది. పైకి పొంగిన చోట వేలితో తుడిచెయ్యాలి.

ఎక్కడ వెయ్యాలి అంటే, నీళ్ళు నిలిచే చోట. మెడ మడతలు, చంకలు, పొలుసు కింద పొలుసు, కొమ్ము మొదలు. వీపు మీద, తల మీద వెయ్యకూడదు. రోజూ చెయ్యి తగిలే చోట చిలుం పట్టదు. అక్క చెప్పిన మాటే ఇది. మీ బిందె అంచు చూడండి, నేను రాసింది నిజమో కాదో తెలుస్తుంది.

ఇంక కింద పీట. మేం బేస్ అంటాం. రూపాయి బిళ్ళకి రెండింతలు ఉండే నల్ల ప్లాస్టిక్ బిళ్ళ, బొమ్మతోపాటే పంపేను. దాని మీద జిగురు రాసి ఇసక చల్లాలి. మన ఏటి ఇసక వెయ్యండి. సముద్రం ఇసక వద్దు, కడిగినా ఉప్పు పూస్తుంది. ఇక్కడ అందరూ ఎడారి ఇసకే వేస్తారు, అన్ని జంతువులూ ఒకే ఊరివి అన్నట్టు ఉంటాయి. కొబ్బరి పొట్టు కొంచెం చల్లితే అడవి నేలలా ఉంటుంది. పొట్టుని ముందు నాలుగు నీళ్ళు కడిగి ఆరబెట్టండి. లేకపోతే జిగురు తడికి ఎర్రనీళ్ళు దిగి ఉడుము కాళ్ళకి పారాణి పెట్టినట్టు అవుతుంది.

ఒక్క మాట అడుగుతాను. ఉడుము ఇప్పుడెలా ఉందో ఒక ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టండి. ఎంత మిగిలిందో చూస్తే తేలిగ్గా చెప్పగలను. ఉత్తరాల్లో ఎన్నాళ్ళు. షాపు వాళ్ళు మార్చి ఆఖరుకల్లా కావాలంటున్నారు.

మీ
శివనాగరాజు


కొత్తపేట,
23 ఫిబ్రవరి 2025.

నాగరాజుకు,

ఫొటో పంపలేదు. ఎందుకో రాస్తున్నాను. ఇది నూకరాజు చేతికి ఇవ్వడం లేదు. పోస్టులో పంపుతున్నాను.

ఉడుముకు కొంచెం పని మిగల్లేదు. పూర్తిగా మిగిలింది. దాని మీద మీ అక్క వేసిన రంగు ఇప్పుడు లేదు. పోగొట్టింది నేను.

పెద్దకార్యం ముందు రోజు ఇల్లు కడిగారు. అత్తయ్యగారు ఇత్తడి సామాను అంతా దొడ్లో వేయించి, ఎవరైనా తోమండి అన్నారు. ఆడవాళ్ళు వంటల దగ్గర ఉన్నారు. నాకు చేయడానికి ఏ పనీ లేదు. వచ్చినవాళ్ళ ముందు కూర్చోవడం చేతకాలేదు. నేను తోముతానని పీట వేసుకున్నాను. పెళ్ళయిన ఇరవై ఏడేళ్ళలో ఈ ఇంట్లో ఒక్క గ్లాసు నేను తోమలేదు. మీ అక్క అనేది. ఆ మాట గుర్తుంది.

కుందులతోపాటు దేవుడి అలమరలోంచి ఉడుము కూడా వచ్చింది. నేను గుర్తుపట్టలేదు. జనవరిలో పెట్టె విప్పినప్పుడు చూసింది బూడిదరంగు బొమ్మ. రంగు వేశాక ఎన్నడూ చూడలేదు. నేను కాలేజీ నుంచి వచ్చే వేళకు మీ అక్క అన్నీ సర్దేసేది. మొదట్లో ఒకసారి, ఈ వయసులో బొమ్మలకు రంగులేమిటి అన్నాను. ఆ తరవాత నా ముందు తీయలేదు. చేతిలోకి వచ్చింది పాత ఇత్తడి బొమ్మ అనుకున్నాను. అత్తయ్యగారి పుట్టింటిది ఏదో అనుకున్నాను. బరువుగా ఉంది. మెడ మడతల్లో, చంకల్లో చిలుం పట్టి ఉంది. మంచం పట్టిన మనిషి తోమలేకపోయింది, అందుకే ఇలా అయింది అనుకున్నాను.

చింతపండు, ఉప్పు రాశాను. చిలుం కదల్లేదు. కదలదు. చిలుం అయితే పులుపుకు కరుగుతుంది. కరగలేదంటే అది చిలుం కాదు. ఇంటర్ మొదటి సంవత్సరం పిల్లవాడు చెప్తాడు. ఆ రోజు నా బుర్రకు అందలేదు. మొండి చిలుం అనుకున్నాను. ఇటుకపొడి వేసి కొబ్బరి పీచుతో తోమాను. కావలసినంత సేపు తోమాను. పచ్చనీళ్ళు, గోధుమ నీళ్ళు కారాయి. వదులుతోంది అనుకున్నాను.

నీళ్ళు పోసి చూస్తే ఇత్తడిలా మెరవలేదు. బూడిదరంగు. అప్పుడు తెలిసింది.

ఎవరికీ చెప్పలేదు. అత్తయ్యగారు మర్నాడు అలమర చూసి, ఉడుము ఏది అన్నారు. నాగరాజుకు పంపడానికి తీశానని చెప్పాను. నీకు చెప్పిన అబద్ధం అక్కడే మొదలైంది. నేర్చుకుని, రంగు వేసి, ఆవిడ పేరుతో నీకు పంపాలనుకున్నాను. సిపాయి మీద కొంచెం చేయి తిరిగాక అది కుదిరే పని కాదని తెలిసింది. కుదిరినా చేయకూడదు. నువ్వు ఆ చీటీ రాశానని చెప్పినప్పటి నుంచి ఈ ఉత్తరం రాయాలని ఉంది. ఒక ఉత్తరం ఆలస్యం చేశాను.

పొట్ట కింద, ముందు కాళ్ళ మధ్య, పీచు అందని చోట గోరంత మేర ఆవిడ రంగు మిగిలింది. కంచు, దాని మీద పచ్చ. దాని మీద నల్లరంగు వేయాలా వద్దా? అలాగే వదిలి మిగతాది వేయాలా? అసలు ఏదీ వేయకుండా పంపాలా? నువ్వు చెప్పేదాకా ముట్టుకోను.

రాజేంద్రప్రసాద్


కొత్తపేట,
20 ఏప్రిల్ 2025.

చిరంజీవి నాగరాజుకు,

నూకరాజు వచ్చాడు. నీ దగ్గర నుంచి ఏమైనా ఉందా అని అడిగాను. "ఏమీ ఇవ్వలేదండి. ఒంట్లో బాగానే ఉన్నాడండి" అన్నాడు. చాలు.

అత్తయ్యగారికి నువ్వు ఆదివారాలు ఫోను చేస్తున్నావు. నేను ఉన్నానా అని అడగడం లేదని ఆవిడ గమనించారు. మీకూ మీకూ ఏమైనా మాట వచ్చిందా బాబూ అన్నారు. ఏమీ లేదన్నాను.

పరీక్షలు అయ్యాయి. పేపర్లు దిద్దడానికి కాకినాడ వెళ్ళి వచ్చాను. ఎండలు ముదిరాయి.

ఉడుము అట్టపెట్టెలో ఉంది. అడిగిన దానికి జవాబు తప్ప ఇంకేమీ రాయనక్కరలేదు. వేయాలా, వద్దా. ఒక్క మాట చాలు.

మీ బావ


దోహా,
16 మే 2025.

బావగారికి,

మీ ఫిబ్రవరి ఉత్తరానికి మూడుసార్లు జవాబు రాసి చింపేసేను. మొదటిదానిలో రాసిన మాటలు మీకు పంపకపోవడమే మంచిదైంది.

కోపం వచ్చింది. ఇప్పటికీ ఉంది. రంగు పోయినందుకు కాదు. ఎనిమిది నెలలు అది ఆ ఇంట్లో ఉంది. ఆవిడ రోజూ మధ్యాహ్నం దాని ముందు కూర్చుంది. మీరు ఒక్కసారి ఎత్తి చూసి ఉంటే చాలు కదా బావగారూ. అందుకు వచ్చింది.

అది పూర్తయిపోయిందని నాకు ముందే తెలుసు. జులై ఆఖర్న అక్క ఫొటో పెట్టింది. మీరు కొంచెం మిగిలింది అన్నప్పుడే అబద్ధమని తెలిసిపోయింది. పోగొట్టేరనుకున్నాను, లేకపోతే ఎవరి పిల్లలకో ఆడుకోమని ఇచ్చేసేరనుకున్నాను. మీ అంతట మీరు చెప్తారని చూసేను. చెప్పేక ఏం చెయ్యాలో తోచలేదు. అద్దాల బీరువాలో ఆ చోటు లంక అబ్బాయి గుర్రానికి ఇచ్చేసేను. చీటీ నా పర్సులో ఉంది.

నేను కూడా ఒకటి చెప్పాలి. నాకు సెలవు ఇచ్చేరు. ఆరు రోజులు. కంపెనీ వాళ్ళే టిక్కెట్టు కూడా తీసేరు. నేను దిగేసరికి అన్నీ అయిపోతాయని నూకరాజు అన్నాడు. మొహం చూడలేని చోటికి వెళ్ళి ఏం చెయ్యాలి అనిపించింది. సర్దిన బట్టలు తీసేసి డ్యూటీకి పోయేను. ఆ రోజు పెట్టెలు లెక్కపెట్టేను, నాలుగు వందల చిల్లర. సెలవు ఇవ్వలేదని అమ్మకీ మీకూ చెప్పేను. మీరు దొడ్లో పీట వేసుకుని కూర్చున్నారని చదివినప్పుడు, ఆ పెట్టెలు గుర్తొచ్చేయి.

ఇంక అసలు సంగతి. ఇది మీకు చెప్పాలా వద్దా అని మూడు నెలలు ఆలోచించేను. అక్క మెసేజీలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను.

జులై 30: "ఒరేయ్ నాగా, ఉడుముని దేవుడి అలమరలో కుందుల మధ్య పెట్టేను. మీ బావ రోజూ అక్కడే దణ్ణం పెట్టుకుంటారు, కళ్ళు మూసుకుని. కెమిస్ట్రీ మాస్టారు కదా, రంగో చిలుమో పట్టుకుంటారేమో చూద్దాం. పట్టుకున్నాకే వార్నిష్ వేస్తాను. పట్టుకోలేదనుకో, జన్మంతా ఏడిపిద్దాం."

ఆగస్టు 4: "చూడలేదు."

ఆగస్టు 11: "ఇంకా చూడలేదు రా. ఇవాళ దాని పక్కనుంచే అగ్గిపెట్టె తీసుకున్నారు. నాకు నవ్వాగలేదు. నవ్వితే దగ్గొచ్చింది, నీళ్ళు తెచ్చిచ్చేరు పాపం."

తరవాత దీని గురించి ఏమీ రాయలేదు.

మీకు అది ఇత్తడి బొమ్మలాగే కనపడింది. చేత్తో పట్టుకుని, పులుపు రాసి కూడా చిలుమే అనుకున్నారు. అక్క పందెం గెలిచింది. ఆ మాట ఆవిడకి చెప్పేవాళ్ళు లేరు. మీకు చెప్తున్నాను.

ఫొటో షాపులో ప్రింటు తీయించి ఈ కవర్లో పెట్టేను.

ఆ గోరంత చోటు ముట్టుకోకండి. మిగతాది మీరే వెయ్యండి. మార్చి, ఏప్రిల్ అని లేదు ఇంక. అయినప్పుడు పంపండి.

శివనాగరాజు


కొత్తపేట,
22 జూన్ 2025.

చిరంజీవి నాగరాజుకు,

ఉత్తరం అందింది. మెసేజీలు చదివాను. అగ్గిపెట్టె తీసుకున్న సంగతి గుర్తులేదు. నీళ్ళు ఇచ్చింది గుర్తుంది. ఎందుకు నవ్వుతున్నావు అని అడిగాను. ఏం లేదంది. నేను కూడా ఇంకోసారి అడగలేదు.

ఫొటో చూశాను. ఆ రోజు దొడ్లో నా చేతిలో ఉన్నది అదే. రంగని తెలిసి చూస్తున్నాను, అయినా ఇత్తడిలాగే ఉంది. ఫొటో అత్తయ్యగారికి చూపించి, ఉడుమును ఏం చేశానో చెప్పాను. ఫొటో కళ్ళ దగ్గర పెట్టుకుని చూశారు. తరవాత, "అంత గట్టిగా ఎందుకు తోమేరు బాబూ" అన్నారు. అంతే.

నీ సెలవు సంగతి ఆవిడకు చెప్పలేదు. అది నేను చెప్పేది కాదు. నువ్వు వచ్చి చెప్పు. ఫోనులో చెప్పకు.

ఉడుముకు రంగు వేయడం అయింది. నాలుగు ఆదివారాలు పట్టింది. మీ అక్క సీసాలో చిలుం చాలలేదు. కలిపి చూశాను. నీలం ఎక్కువై ఒకసారి, తెలుపు ఎక్కువై ఒకసారి పారబోశాను. మూడోది పరవాలేదు. ఎక్కడ వేయాలో బిందె చూసి వేశాను. నువ్వు రాసింది నిజమే. బిందె అంచు మీద, చేయి పట్టే చోట, పది నెలలైనా మామూలుగానే ఉంది.

అయ్యాక ఒక రోజు దేవుడి అలమరలో కుందుల పక్కన పెట్టి చూశాను. అత్తయ్యగారు దీపం పెట్టడానికి వచ్చారు. ఆవిడకు కుడి కంట్లో శుక్లం. అయినా గుమ్మంలోంచే, "రంగేసిన ఉడుముని ఇక్కడెందుకు పెట్టేరు బాబూ" అన్నారు. మీ అక్కది మూడు వారాలు అక్కడే ఉంటే నాకు తెలియలేదు. నాది ఒక్క నిమిషం ఆగలేదు. కాబట్టి మీ అక్క పేరు చీటీ దీని కింద పెట్టకు. నా పేరూ వద్దు. మీ బల్ల మీద పెట్టుకుని ఆడుకో. తాగిన సిపాయిని కూడా పంపుతున్నాను.

ఇక నమూనా అక్కర్లేదు కాబట్టి నిన్న ఇత్తడి సామాను తోమించేద్దామన్నాను. బుల్లెమ్మ, నేను కూర్చున్నాం. ముందు ఉడుమును డబ్బాలో పెట్టి, మూత వేసి, గదిలో పెట్టి వచ్చాను. అప్పుడు చింతపండు నానబెట్టాం. బుల్లెమ్మ నవ్వింది. నవ్వనిచ్చాను.

పీట ఏటి ఇసకతో చేశాను. పొట్టు రెండు నీళ్ళే కడిగాను. నువ్వు నాలుగు అన్నావు. కాళ్ళకు ఎరుపు దిగింది. అత్తయ్యగారు బాగుంది ఉంచమన్నారు. ఉంచాను.

ఉడుమును పీటకు అంటించలేదు. రెండు పాదాల్లో సన్నని తీగ గుచ్చి, పీటలో వాటికి కన్నాలు పెట్టాను. నిలబడుతుంది. పడదు. ఎత్తితే మాత్రం వచ్చేస్తుంది. మీ అక్క వేసిన గోరంత పొట్ట కింద అలాగే ఉంది. దాని అంచు దాకా వచ్చి ఆగాను. ఒకచోట వెంట్రుకవాసి దాటాను. తుడిచేశాను. ఆ గోరంతకు మాత్రం వార్నిష్ వేశాను, రెండు పూతలు.

నీ దగ్గరికి వచ్చాక నువ్వు కూడా అంటించకు. ఎవరైనా అడిగితే ఎత్తి చూడమను.

మీ బావ,
రాజేంద్రప్రసాద్